కలుపుకు నీళ్ళు పెట్టిన ఏడాది

ఒకే నర్సమ్మ, ఒకే బల్ల, పక్కపక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ముందు నా వేలు పొడిచింది, తర్వాత ఆ పిల్ల వేలు పొడిచింది. నా రక్తం పన్నెండున్నర వచ్చింది. ఆ పిల్లది ఏడు పాయింట్ ఒకటి.

నాకు అప్పటికి యాభై నాలుగేళ్ళు. మా ఊరి చిన్నాసుపత్రిలో షుగరు చూస్తున్నారంటే వెళ్ళాను, పనిలో పనిగా రక్తం కూడా చూడమన్నాను. ఆ పిల్లకు ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి, మూడో నెల. మా మామిడి తోటలో కాయ కోతలప్పుడు ఎండలో ట్రేలు మోసింది. నా వయసులో సగం లేదు, నా ఒంట్లో ఉన్న రక్తంలో సగం కంటే కాస్తే ఎక్కువ. నర్సమ్మ ఆ రెండు అంకెలూ పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు ఎవరి మీద కోపం వచ్చిందో నాకే తెలియలేదు గానీ, వచ్చిన మాట నిజం.

"ఎనిమిదో నెల నిండేలోపు పది దాటాలమ్మా," అంది నర్సమ్మ. "దాటితే నూజివీడులోనే కాన్పు. దాటకపోతే విజయవాడ పెద్దాసుపత్రికి రాస్తారు."

"పది దాటితే రాయరు కదండీ?" అని అడిగింది ఆ పిల్ల. కాసేపాగి మళ్ళీ అదే అడిగింది. లేచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి మూడోసారి అడిగింది.

ఎందుకలా అడిగిందో బయటికి వచ్చాక చెప్పింది. మొదటి కాన్పుకు కూడా రక్తం చాలలేదట. నొప్పులు మొదలయ్యాక అంబులెన్సులో విజయవాడ తీసుకుపోయారు. తనకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. పుట్టిన పిల్లను గాజు పెట్టెలో పెట్టి పది రోజులు చూపించలేదు. పిల్ల బతికింది, ఇప్పుడు మూడేళ్ళు. "ఆ దారిన మళ్ళీ ఎళ్ళలేనండీ అమ్మగారూ," అంది. ఏడవలేదు. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఏం తింటావు?" అన్నాను.

"అన్నమేనండీ."

"అన్నంలోకి?"

"ఏదుంటే అదండీ. పచ్చడి, చారు."

"వారానికి రెండుసార్లు కూరగాయల ఆటో వస్తుంది కదా ఊళ్ళోకి?"

"వస్తదండీ," అంది. ఆటో రావడానికీ, అందులోది మన సంచిలోకి రావడానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు అప్పుడు తట్టలేదు.

ఇంటికి వచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తే కింది అరలో రెండు కట్టల పాలకూర కుళ్ళి నీరు కారుతోంది. నూజివీడు నుంచి తెప్పించింది, వండడం మరిచిపోయాను. దాన్ని పెంటలో పారేసి, చేతులు కూడా కడుక్కోకుండా మా ఆయన ముందు నిలబడ్డాను.

"మోటారు షెడ్డు పక్కన ఖాళీ అయిన పదిహేను సెంట్లు నాకు కావాలి."

ఆ ముందటేడు గాలివానకు అక్కడ రెండు పెద్ద రసాల చెట్లు పడిపోయాయి. మా ఆయన అక్కడ బంగినపల్లి అంట్లు పెట్టాలని గుంటలు కూడా కొలిచి ఉంచాడు. నా మొహం చూసి, "అంట్లు వచ్చే ఏడైనా పెట్టొచ్చులే," అన్నాడు. పాపం, మంచివాడు. ముప్పై ఏళ్ళుగా నా కోపానికి అలవాటు పడినవాడు.

మర్నాటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. మా తోటలో పనికొచ్చే ముఠాలో పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరినీ మోటారు షెడ్డు దగ్గరికి పిలిచి ఉపన్యాసమే ఇచ్చాను. నేల నాది, నీళ్ళు నావి, విత్తనం నాది. ఆదివారం పొద్దున ఒక పూట అందరం కలిసి పని చేద్దాం. పండింది ఎవరికి కావలసినంత వాళ్ళు కోసుకుపోవచ్చు. చెబుతుంటే నా గొంతు నాకే ఎంత బాగుందో. ముఠా పెద్దామె, అరవై దాటిన మనిషి, తలపాగా సర్దుకుంటూ అంతా విని, "సరేనండీ," అంది. మిగతావాళ్ళూ సరేనండీ అన్నారు. ఆ సరేనండీలో ఏముందో ఆలోచించే ఓపిక అప్పుడు నాకు లేదు.

హనుమాన్ జంక్షన్ వెళ్ళి విత్తనాలు తెచ్చాను. వంగ, బెండ, టమాటా, గోరుచిక్కుడు. నర్సమ్మ ఆకుకూరలని మరీ మరీ చెప్పింది. ముఠాలో ఒకామె కూడా, "ఒక మడి ఆకుకూర చల్లుదామా అండీ," అంది. నేను ఒప్పుకోలేదు. "ఆకులదేముంది, తర్వాత ఎప్పుడైనా చల్లుకోవచ్చు. మా ఇంట్లో తినేవే మీరూ తినాలి," అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజు నాకు నా మీద ఎంత గౌరవం కలిగిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

మాది చాట్రాయి వైపు ఎర్ర గరప నేల. వాన పడిన మర్నాడు దున్నితే మెత్తగా లేస్తుంది. ఆ ఆదివారం పదకొండు మందీ వచ్చారు. గట్లు వేశారు, మడులు కట్టారు, పొద్దెక్కేసరికి పదిహేను సెంట్లూ కొత్త చాపలు పరిచినట్టు తయారైంది. ఆ పిల్లను వంగొద్దన్నాను. వినలేదు. చివరికి గట్టు మీద కూర్చోబెట్టి బెండ గింజలు ఒడిలో పోస్తే, పక్కామె సాలు తీస్తుంటే తను రెండేసి గింజలు వేసుకుంటూ పోయింది. నేను అటూ ఇటూ తిరుగుతూ అందరికీ అన్నీ చెప్పాను. పుట్టినప్పటి నుంచి ఆ పనే చేస్తున్నవాళ్ళకు, పారతో ఒక బెడ్డ కూడా పగలగొట్టని నేను వ్యవసాయం నేర్పాను. ఒక్కరూ నవ్వలేదు.

మొలక వచ్చిన రోజు మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించాను. మైలవరంలో ఉన్న మా అక్కకు ఫోను చేసి చెప్పాను. ఆమె, "బెండకాయలు మొలిచినందుకు ఇంత అరుస్తావేమిటే?" అంది. నిజమే. ఆరెకరాల మామిడి తోటకు యజమానురాలినని పేరే గానీ, నేను దగ్గరుండి మొలిపించింది అదే మొదలు.

నెలన్నర తిరిగేసరికి బెండకాయలు వచ్చాయి. ఆదివారం ఆడవాళ్ళు వచ్చారు, కలుపు తీశారు, వెళ్ళిపోయారు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూస్తే కాయలు చెట్టుకే ఉన్నాయి. లేతవి కదా, ఇంకాస్త ఎదగనిద్దామని వదిలేశారేమో అనుకున్నాను. వచ్చే ఆదివారానికి ముదిరి పీచు కట్టాయి. వంకాయలూ అంతే. టమాటాలు పగిలి కింద రాలుతున్నాయి. మడులు మాత్రం అద్దంలా ఉన్నాయి. కలుపు పోచ ఒక్కటి లేదు.

"ఎందుకు కోసుకోలేదు?" అని అడిగితే, "కోసుకుంటామండీ," అన్నారు. కోసుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇంత చేస్తే నా మీద అలక పూనారా, నేనేమైనా నోరు జారానా అని ముందు నన్ను నేను తిట్టుకున్నాను, తర్వాత వాళ్ళను తిట్టుకున్నాను. చివరికి నేనే బుట్టలో కోసి పదకొండు ఇళ్ళకూ పంచి వచ్చాను. తీసుకున్నారు. "ఎందుకండీ మీకు శ్రమ," అన్నారు. మరుసటి వారం మళ్ళీ కాయలు చెట్టునే ఉన్నాయి.

విచిత్రం ఏమిటంటే, ఆ పిల్ల రక్తం పెరుగుతోంది. ఆగస్టులో ఏడు పాయింట్ మూడు. సెప్టెంబరులో ఎనిమిది. నర్సమ్మ దగ్గరికి నెలనెలా తనతో పాటు నేనూ వెళ్ళేదాన్ని. అంకె వినగానే చంకలు గుద్దుకున్నంత పని చేశాను. ఐరన్ మాత్రలు వేసుకుంటోంది, ఆ మాట దాచను. కానీ మొదటి కాన్పుకూ మాత్రలు వేసుకుందట, అప్పుడు పెరగలేదు. మరి ఇప్పుడు పెరిగిందంటే ఏమిటి అర్థం?

"నా వంకాయలు," అన్నాను.

నర్సమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "వంకాయలో రక్తం ఎక్కడుందమ్మా?" అంది. నాకు నచ్చలేదు. ఆవిడకేం తెలుసు అనుకుంటూ ఇంటికి వచ్చాను.

అక్టోబరులో తొమ్మిదికి దగ్గర పడింది. ఆ ఆదివారం కూడా కాయలు కొయ్యలేదు. ఇక నా వల్ల కాలేదు. సంచి నిండా వంకాయలు కోసుకుని, పన్నెండు గంటల ఎండలో ఆ పిల్ల ఇంటికి బయలుదేరాను. ఈ రోజు అటో ఇటో తేల్చుకోవాలని.

గుమ్మంలోనే పప్పు వాసన వచ్చింది. కమ్మగా, పుల్లగా. ఆ పిల్ల పొయ్యి ముందు కూర్చుని ఉంది, పక్కన మూడేళ్ళ కూతురు కంచం పట్టుకుని కూర్చుంది. గిన్నెలోకి తొంగి చూశాను. కందిపప్పు కంటే ఆకే ఎక్కువ ఉంది. మధ్యమధ్య మామిడి ఒరుగులు. కోతలప్పుడు రాలిన కాయల్ని ముక్కలు కోసి ఎండబెట్టుకుంటారు, ఏడాది పొడుగునా పులుపుకు అవే.

"ఇదేం కూర?"

"చెంచలండీ. కాస్త చిలకతోటకూర కూడా ఏశాను."

"ఎక్కడిది?"

"మన మోటారు షెడ్డు కాడిదేనండీ."

"నేను చెంచలి వేయలేదే."

"మీరెయ్యలేదండీ. మేం పీకాం."

నేను వంకాయల సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పిల్ల నాకు స్టూలు వేసి, నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. కలుపు తీసేటప్పుడు గడ్డి గట్టు మీద వేస్తారు. తినే ఆకు మాత్రం చీర కొంగు ఒడిలా కట్టుకుని అందులో వేసుకుంటారు. చెంచలి, చిలకతోటకూర, పావిలి, అటికమామిడి. వాన పడిన నేల, పైన ఎరువు, మూడు రోజులకోసారి నీళ్ళు. ఎంత పీకినా వారం తిరిగేసరికి మళ్ళీ ఒడి నిండా వస్తోంది. పదకొండు ఇళ్ళలోనూ వారంలో నాలుగు రోజులు అదే కూర.

"మరి వంకాయలెందుకు కోసుకోరు?"

"అయ్యి మీయి కదండీ."

"అందరివీ అన్నాను కదే మొదటి రోజే."

ఆ పిల్ల తల దించుకుని నవ్వింది. ఆ సాయంత్రం ముఠా పెద్దామెను అడిగితే ఆవిడ నవ్వలేదు. "కాయ రైతుది, కలుపు కూలోళ్ళదండీ," అంది. "మా అమ్మ కాలం నించీ అంతేనండీ. మీరు నోటితో అన్నారు. కానీ గట్టు మీద నిలబడి చూత్తంటే కాయ మీద చెయ్యెట్టా పడద్దండీ?"

నేను గట్టు మీద నిలబడి చూసిన మాట నిజం. ప్రతి ఆదివారం, గొడుగు వేసుకుని మరీ చూశాను. కాయలు చూశాను గానీ వాళ్ళ ఒడులు చూడలేదు.

కానీ నన్ను కుదిపింది ఆ మాట కాదు. మధ్యాహ్నం ఆ పిల్ల ఇంట్లో స్టూలు మీద కూర్చుని, నాకు పెట్టిన పప్పన్నం తింటూ, ఊరికే మాటవరసకు అడిగాను. "ఇంతకు ముందు ఈ ఆకు ఎక్కడ దొరికేది మీకు?"

"మీ పెద్ద తోటలోనేనండీ. కలుపుకొచ్చినప్పుడల్లా ఒడి నిండేది. ఇంటికెళ్ళాక కూరేంటని ఎతుక్కునే పనుండేది కాదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మందు కొడుతున్నారు కదండీ."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఎదురు మాట్లాడేదాన్ని. నాలుగేళ్ళ కిందట ఆరెకరాలకూ కలుపు మందు కొట్టించాలన్న ఆలోచన నాదే. హనుమాన్ జంక్షన్ నుంచి డబ్బాలు తెప్పించింది నేనే. కూలీలు పిలిస్తే రావడం లేదని, వచ్చినా పది రోజులు సాగదీస్తారని, మందైతే ఒక్క రోజులో అయిపోతుందని మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చెట్ల కింద ఎర్రటి నేల శుభ్రంగా కనబడితే, దారిన పోయే రైతులు ఆగి మెచ్చుకుంటే, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ గడ్డిలో పదకొండు ఇళ్ళ కూర ఉందని నాకు తెలియదు. ఆ పిల్ల కూతురికి మూడేళ్ళు. లెక్క వేయాలంటే వేళ్ళు కూడా అక్కర్లేదు. అదంతా నా మందు వల్లే జరిగిందని తేల్చి చెప్పడానికి నేను డాక్టర్ని కాను. కానీ నా వల్ల కాదని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

అయితే సిగ్గుపడుతూ ఒక మూల కూర్చోవడం నాకు చేతకాదు. తెల్లారేసరికి సిగ్గు స్థానంలో పట్టుదల వచ్చింది. చెంచలి కావాలా, చెంచలే పండిద్దాం. ఈసారి నేను చెప్పే పని లేదు, వాళ్ళను అడిగి చేస్తాను అనుకుని, గొడుగు ఇంట్లో పడేసి బయలుదేరాను.

నవంబరు మొదట్లో తొమ్మిది పాయింట్ నాలుగు. ఇంకెంత, ఆరు పాయింట్లు. అక్కడే చిక్కు వచ్చింది. వానలు వెనకబడ్డాయి. పదకొండు మంది పనిమంతులు నాలుగు నెలలుగా కూకటివేళ్ళతో సహా పీకుతూ వచ్చిన నేల అది. కలుపు లేదు. వంగ చెట్ల కింద ఎర్రటి నేల తప్ప ఏమీ లేదు. ఆదివారం అందరూ వచ్చి, వెతికి, చారెడు ఆకుతో ఇంటికి వెళ్ళారు. నెలాఖరుకు నర్సమ్మ మళ్ళీ వేలు పొడిచింది. తొమ్మిది పాయింట్ మూడు.

ఆ పిల్ల ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకుంది. "ఇంకో పరీక్షే కదండీ ఉంది," అంది.

ఆ మధ్యాహ్నమే ముఠా పెద్దామె ఇంటికి వెళ్ళాను. "కలుపు మొలిపించాలి. ఎలాగో చెప్పు," అన్నాను.

ఆవిడ జన్మలో అలాంటి మాట ఏ రైతు నోటా విని ఉండదు. "అమ్మగారికి మతి పోయింది," అని లోపల ఉన్న కోడలితో అంది, నాకు వినబడేలాగే. తర్వాత కొంగు బిగించింది. మర్నాటికల్లా చెరువు గట్టు నుంచి ఎండిన చెంచలి కంకులు సంచిడు తెచ్చింది. ఇంకొకామె కాలవ ఒడ్డున పొనగంటి తీగలు కోసుకొచ్చింది. ఈసారి నేను గట్టు మీద నిలబడలేదు. కాయలు అయిపోయిన బెండ మొక్కలు పీకేసి, ఆ మడుల్లో కంకులు నలిపి చల్లాం. పొనగంటి ముక్కలు నీరు పారే కాలువ వెంట గుచ్చాం. మోటారు వేసి గొట్టం నేనే పట్టుకున్నాను.

మా ఆయన వచ్చి చూశాడు. "కలుపుకు నీళ్ళు పెడుతున్నావా?" అన్నాడు. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?"

నలుగురూ చూశారు. పక్క తోట రైతు మోటారు సైకిలు ఆపి, "ఏం పంటండీ వదినగారూ?" అన్నాడు.

"కలుపండీ," అన్నాను.

ఆయన నవ్వాలో వద్దో తెలియక బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. నన్ను చూడగానే పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. నాకు చెప్పలేనంత ఉత్సాహంగా ఉంది. రోజుకు మూడుసార్లు వెళ్ళి వంగి చూసేదాన్ని. నాలుగో రోజున నేల మీద పచ్చగా ఈగ రెక్కంత ఆకులు కనబడ్డాయి. "వచ్చింది, వచ్చింది," అని ఒక్కదాన్నే అరిచాను. మోటారు షెడ్డు మీద కూర్చున్న కాకులు లేచిపోయాయి.

ఆ వారంలోనే ఇంకో గండం. పూతకు ముందు ఏటా పెద్ద తోటకు కలుపు మందు కొట్టిస్తాం. మా ఆయన ముందే మాట్లాడి పెట్టిన ట్రాక్టరు డ్రమ్ముతో సహా వచ్చి తోట గేటు ముందు ఆగింది. గాలి మా మడుల వైపు వీస్తోంది. నేను వెళ్ళి గేటు మధ్య నిలబడ్డాను.

"ఈ ఏడు మందు లేదు," అన్నాను.

"మరి కలుపు?"

"మనుషులు తీస్తారు. నేను పిలుస్తాను."

"మందు కొట్టించమని నా ప్రాణం తీసింది నువ్వే కదే నాలుగేళ్ళ కిందట," అన్నాడు మా ఆయన. కోపంగా అనలేదు, ఆశ్చర్యంగా అన్నాడు.

"అవును, నేనే. తప్పు చేశాను," అన్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాట నా నోటి నుంచి ఆయన విన్నది అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన ట్రాక్టరు వెనక్కి తిప్పమని చెయ్యి ఊపాడు.

డిసెంబరు రెండో వారానికి చెంచలి బెత్తెడు లేచింది. ముందు ఆ పిల్లకే అని మిగతా పది మందీ మాట్లాడుకున్నారట, నేను చెప్పనక్కర్లేకపోయింది. మాత్ర వేసుకున్నాక టీ తాగొద్దని నర్సమ్మ చెబితే, టీ వేళకు తన ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళి కాపలా కూర్చునేవాళ్ళు. ఒకామె రోజూ నిమ్మకాయ ఇచ్చేది. చెంచలి పప్పు, తోటకూర వేపుడు, పొనగంటి పులుసు. "ఆకు చూత్తేనే కడుపు నిండిపోతందండీ," అని ఆ పిల్ల నాతో మొరపెట్టుకుంది. తినమన్నాను.

ఆఖరి పరీక్షకు ఇద్దరం వెళ్ళాం. అదే బల్ల, అవే కుర్చీలు. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. నేను మిషను వంక చూస్తూ కూర్చున్నాను. ముందు గీతలు వచ్చాయి, తర్వాత అంకె వచ్చింది. పది పాయింట్ రెండు.

నేను ఏం అరిచానో నాకు గుర్తు లేదు. నర్సమ్మ, "కూర్చోమ్మా, అవతల డాక్టరుగారు పేషెంట్లను చూస్తున్నారు," అంది. కానీ ఆవిడా నవ్వుతూనే ఉంది. నా వేలు కూడా పొడవమని చెయ్యి చాపాను. పన్నెండు పాయింట్ మూడు. ఆ పిల్ల తన అంకెనూ నా అంకెనూ పుస్తకంలో ఒకదాని కింద ఒకటి చూసుకుంది.

"ఇంకా మీకంటే రెండు తక్కువేనండీ," అంది.

వేళాకోళానికే అంది. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదవి మీద నవ్వుంది. నేను మాత్రం ఆ మాట వేళాకోళంగా తీసుకోలేకపోయాను. "ఆ రెండూ కూడా తీసుకొద్దాం," అన్నాను.

జనవరిలో, పూత విచ్చి తోటలన్నీ తేనె వాసన కొడుతున్న రోజుల్లో, నూజివీడు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. సీసాలు లేవు, అంబులెన్సు లేదు, గాజు పెట్టె లేదు. మూడో రోజు ఆటోలో ఇంటికి వచ్చేశారు. మోటారు షెడ్డు దగ్గర ఆటో ఆపించి, పిల్లను నా చేతుల్లో పెట్టి, తను మాత్రం మడుల వైపే చూసింది. "నీళ్ళు తక్కువైనట్టున్నాయండీ," అంది.

ఈ ఏడు ఆషాఢంలో మొదటి వానలు పడ్డాక, పెద్ద తోటలోకి కలుపుకు మనుషులను పిలిచాను. ఏడాదిన్నరగా మందు పడని నేల. రసాల చెట్ల నీడ అంచున, డ్రిప్పు గొట్టాల వెంట, చెంచలి అక్కడో కుదురు ఇక్కడో కుదురుగా వచ్చింది. తోటంతా ఇంకా రాలేదు. ముఠా పెద్దామె మొదటి మొక్క పీకి, వేరు చూసి, ఆకు నలిపి వాసన చూసి, అప్పుడు ఒడిలో వేసుకుంది. అది చూశాక మిగతావాళ్ళు కొంగులు బిగించారు. ఆ పిల్ల కూడా వచ్చింది. ఆరు నెలల కూతురు చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతోంది.

నేను వెళ్ళి ఆ పిల్ల ముందు కొంగు చాపాను. "నాకూ కాస్త వెయ్యి, పప్పులోకి."

"అదెట్టా కుదురుద్దండీ?" అంది తల ఎత్తకుండానే. "కలుపు కూలోళ్ళది కదా. రెండు సాళ్ళు తియ్యండి, అప్పుడు పట్టుకెళ్ళండి."

అందరూ నవ్వారు. నా ఎదుట వాళ్ళు అంత గట్టిగా నవ్వగా అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. నేను చెప్పులు విడిచి, మోకాళ్ళు పట్టుకుని, ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఏది గడ్డో ఏది కూరో తెలియక రెండుసార్లు తప్పు మొక్క పీకితే నా చేతిలోంచి తీసి గట్టు మీదికి విసిరింది. ఒక సాలు పూర్తయ్యేసరికి నా నడుం పడిపోయింది. ఒడిలో పిడికెడు ఆకు ఉంది. దాన్ని చూసుకుని నేను పొంగిపోయిన మాట ఎవరికైనా చెబితే నమ్మరు.

పొద్దు నెత్తి మీదికి వచ్చాక అందరూ లేచారు. ఆ పిల్ల ఉయ్యాలలోంచి కూతుర్ని తీసి భుజాన వేసుకుని, మోటారు షెడ్డు పక్క దారిన నడిచింది. వంగ మొక్కల దగ్గర ఆగింది. నేను అక్కడే, ఇరవై అడుగుల దూరంలో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూస్తున్నాను. నన్ను చూసింది. చూసి, వంగి, మంచివి ఏరి నాలుగు వంకాయలు తెంపి ఒడిలో వేసుకుని వెళ్ళిపోయింది. నన్ను అడగలేదు.